సివిల్ చదువుతానన్న మనవరాలికి



పది అయ్యాక సివిల్ ఇంజినీరింగ్ చదువుతానంటే క్లాసులో నవ్వారని రాశావు. నవ్వనీ బిడ్డా. జైనూరు చుట్టుపక్కల వాగు పొంగితే ఏ గూడేనికి దారి ఆగిపోతుందో నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. పట్నం పిల్లలు దాన్ని పుస్తకంలో చదవాలి.

దారి కష్టమేం కాదు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా పోవచ్చు. పది మార్కులతో సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీలోనూ సివిల్ ఉంది. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు, ఎండా దుమ్మూ తప్పవు. ఇది ముందే తెలిసి రా.

ఈ పనిలో కాగితం మీది లెక్క ఒక్కటే చాలదు. మన పక్కనే కడెం ప్రాజెక్టు ఉంది కదా. వరద కట్ట దాటకుండా పైన 2.4 మీటర్ల జాగా వదిలి కట్టారు. అయినా 1958 ఆగస్టులో నీళ్లు దాదాపు అర మీటరు ఎత్తున కట్ట మీదుగా పొర్లాయి. ఎడమ వైపు 137 మీటర్ల మేర కట్ట కొట్టుకుపోయింది. 2022 జులైలో మళ్లీ అంత పనయింది. సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగలిగిన చోటికి 5 లక్షలు వచ్చాయి. 18 గేట్లలో ఒకటి తెరుచుకోనే లేదు. కట్ట నిలిచింది, కానీ అందులో అదృష్టం పాలు ఎక్కువని నా లెక్క.

అందుకే లెక్కలు ఎంత వచ్చినా, వంతెన గీసే ముందు ఊళ్లో ముసలివాళ్లను అడుగు: వాగు ఎప్పుడు, ఎందాకా వచ్చిందని. ఒడ్డు చెట్ల కొమ్మలకు చిక్కుకున్న చెత్త చూడు, అక్కడి దాకా కొలువు.

ఇక కాంక్రీటు. 30 సెంటీమీటర్ల స్లంప్ కోన్‌లో మాలు మూడు పొరలుగా వేసి, పొరకు 25 సార్లు రాడ్డుతో పొడిచి, కోన్ మెల్లగా లేపితే మాలు ఎంత కుంగిందో తెలుస్తుంది. ఎక్కువ కుంగితే చాలాసార్లు నీళ్లెక్కువైనట్టే. “ఇంకో బకెట్ పోద్దాం మేడం, పని తొందరగా అయితది” అంటారు మేస్త్రీలు. పోయనివ్వకు. ఆ ఎక్కువ నీళ్లు ఆరిపోయాక మిగిలేవి బొరియలే, బలం కాదు. కొలవని పనికి కొలతల పుస్తకం (ఎం-బుక్)లో సంతకం అసలే పెట్టకు, పక్కన ఎంతటి పెద్దమనిషి నిలబడినా సరే.

దసరా సెలవుల్లో నాన్నను తోడు తీసుకుని మీ వాగు దగ్గరికి పో. ఈ ఏటి వరద గుర్తు టేపుతో కొలిచి, బొమ్మ గీసి నాకు పంపు.

ఇట్లు,
మీ తాత