శాపం తప్పలేదు కదా, మరి ఎందుకు విన్నట్టు?

 

పరీక్షిత్తు మహారాజు కథ వీడియోలో చెప్పుకున్నాం కదా. అప్పుడు గొంతు పెగలక వదిలేసిన మాట ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

పోయిన సంవత్సరం మా పెదనాన్నకి క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది. ఇంట్లోవాళ్ళు ఆయనకి "కడుపులో పుండు, మందులకి తగ్గిపోతుంది" అని చెప్పారు. ఇంట్లో ఇంజినీర్ని నేనే కాబట్టి రిపోర్టులన్నీ నా వాట్సాప్‌కి వచ్చేవి. ఒక రాత్రి ఆయనే ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వన్నా నిజం చెప్పు. ఎన్నాళ్ళు?" అన్నారు. చెప్పాను. చాలాసేపు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తర్వాత నుంచి రోజూ రాత్రి వీడియో కాల్‌లో భాగవతం చదివి వినిపించేవాణ్ణి. మొదటి స్కంధంలోనే ఆపి అడిగారు, "ఇంతకీ శాపం తప్పుతుందా?"

"లేదు పెదనాన్నా. ఏడో రోజు తక్షకుడు వస్తాడు."

"మరి ఆ ఏడు రోజులూ విని ఏం బావుకున్నట్టురా?"

నా దగ్గర సమాధానం లేదు. అందుకే కథని మళ్ళీ మొదటి నుంచి చూశాను.

రాజు వేటకి వెళ్ళాడు. దాహం, ఆకలి. ధ్యానంలో ఉన్న శమీక మహర్షి పలకలేదని కోపం వచ్చి, చచ్చిన పామును వింటి కొసతో తీసి ఆయన భుజం మీద వేశాడు. మహర్షి కొడుకు శృంగి శపించాడు. ఇక్కడ మనం తొందరగా దాటేసే విషయం ఒకటుంది. శాపం వార్త చేరకముందే, ఇంటికి వెళ్ళిన రాజు "ఎంత పని చేశాను" అని కుమిలిపోయాడు. అంటే చావు భయంతో పుట్టిన పశ్చాత్తాపం కాదది. తప్పు తప్పుగా కనపడినందుకు పుట్టింది.

మహాభారతంలో ఇదే రాజు ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, వైద్యుల్ని, మంత్రవేత్తల్ని చుట్టూ పెట్టుకుంటాడు. అయినా తక్షకుడు పండులో పురుగై లోపలికి వస్తాడు. భాగవతంలో రాజ్యం జనమేజయుడికి అప్పగించి గంగ ఒడ్డున కూర్చుంటాడు. నాకైతే ఈ ఇద్దరూ మనలోనే ఉన్నారనిపిస్తుంది. స్కానింగులు, కీమోలు మన ఒంటిస్తంభం మేడ. అది కట్టుకోవడం తప్పు కాదు, కట్టుకోవాలి కూడా. కానీ అది నిలవదని తెలిసిన రోజున గంగ ఒడ్డు ఒకటి ఉండాలి.

ఆ ఒడ్డున రాజు శుకమహర్షిని "నన్ను బతికించే దారి చెప్పండి" అని అడగలేదు. "చావు దగ్గరపడినవాడు చేయాల్సిందేమిటి?" అని అడిగాడు. శుకుడు ఖట్వాంగుడి కథ గుర్తు చేశాడు. ఆ రాజుకి మిగిలింది ఒక్క ముహూర్తం, అంటే మన లెక్కలో 48 నిమిషాలు. అంతలోనే అన్నీ వదిలి హరిని శరణు వేడాడు. "నీకింకా ఏడు రోజులుంది" అన్నాడు శుకుడు. మా ఆఫీసులో డెడ్‌లైన్ మీదికొస్తే కొత్త ఫీచర్లు ఆపేసి, తప్పనిసరిగా చేయాల్సింది ఏదో అదే చూస్తాం. అలాంటిదే ఇది.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత మా మేనత్తకి ఫోన్ చేశారు. మా నాయనమ్మ పేరున ఉన్న అరెకరం, పదకొండేళ్ళ కిందట అత్తతో సంతకం పెట్టించుకుని ఆయన తన పేరున రాయించుకున్నారు. అప్పటి నుంచి మాటల్లేవు. ఆ పొలంలో ఆవిడ వాటా ఆవిడకి రాసిచ్చేస్తానన్నారు. కారులో పడుకునే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళారు.

అత్త ఏడ్చి కౌగిలించుకోలేదు. "ఇప్పుడా అన్నయ్యా?" అని మాత్రం అంది. "ఇప్పుడే తెలిసిందమ్మా" అన్నారాయన. ఆవిడ పూర్తిగా క్షమించిందో లేదో నాకు తెలియదు. కానీ ఆ సాయంత్రం బస్సెక్కలేదు. చివరి దాకా ఆవిడే జావ కాచి పట్టింది.

రోగం తగ్గలేదు. నొప్పి మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. కానీ "ఇంకెన్నాళ్ళు" అని మళ్ళీ అడగలేదు. పన్నెండో స్కంధంలో పరీక్షిత్తు కూడా తనకి తక్షకుడంటే భయం లేదంటాడు. పాము వచ్చింది, కాటేసింది. అది కాటేసేనాటికి భయపడే మనిషి అక్కడ లేడు. విని బావుకున్నది అదీ. పెదనాన్న అడిగిన ప్రశ్నకి సమాధానం ఆయన చేసి చూపించాకే నాకు అర్థమైంది.

మీ ఇంట్లో ఇలాంటి స్థితిలో ఎవరైనా ఉంటే రెండు మాటలు. "ఏ జన్మ పాపమో" అని వాళ్ళ ముందు అనకండి. పరీక్షిత్తుది శాపం, జబ్బు శాపం కాదు. వాళ్ళంతట వాళ్ళు నిజం అడిగితే, పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి. ఆ కాస్త సమయం వాళ్ళది, దాన్ని మనం దాచిపెట్టకూడదు.

ఎవరు పోయినా సోమవారం నుంచి ఆదివారం లోపే పోవాలని ప్రవచనాల్లో పెద్దలు చెప్తుంటారు. మనకీ ఉన్నవి ఆ ఏడు రోజులే. చేయాల్సిన ఫోన్ ఏదైనా ఉంటే ఈ రోజే చేయండి.

శ్రీకృష్ణార్పణమస్తు.