ఒక కోట, దాని లింకు డాక్యుమెంట్లు



మనం ఇల్లు గానీ, స్థలం గానీ కొనేటప్పుడు మొదట అడిగే మాట ఒకటుంది: "లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?" ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, అమ్మకమా, దానమా, పంపకమా అని చూస్తాం. కాగితాలు ఒకదానికొకటి కలిస్తే చాలు, హక్కు ఖాయం అనుకుంటాం. ఈసారి ఆస్ట్రియా దేశంలోని ఒక చిన్న కోట లింకు డాక్యుమెంట్లు చదువుదాం. అవి చదివితే ధమ్మానికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటి ముందుకొస్తుంది.

ఆ కోట పేరు హార్ట్‌హైమ్. లింజ్ నగరానికి పడమటి వైపు, ఆల్కోవెన్ అనే ఊరి దగ్గర ఉంది. 1600 ప్రాంతంలో యాకోబ్ ఫాన్ అస్పాన్ అనే జమీందారు కట్టించాడు. నాలుగు మూలలా బురుజులు, నడుమ వరండాల ముంగిలి. చేతులు మారుతూ 1799లో స్టార్‌హెంబెర్గ్ అనే పెద్ద జమీందారీ వంశానికి వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో ఆ వంశానికి చెందిన రాజు కమిల్లో దాన్ని ఒక ధర్మ సంఘానికి దానం చేశాడు. బుద్ధి ఎదగని పిల్లలకు, వికలాంగులకు అక్కడ ఆశ్రమం నడపాలని ఆ దానం. క్రైస్తవ సన్యాసినులు ఆ పిల్లలను నలభై ఏళ్లు సాకారు.

1938 మార్చిలో హిట్లర్ జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. ఆ తర్వాత ధర్మ సంఘాన్ని రద్దు చేసి, ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యుద్ధం ముగిశాక, 1948లో, కోటను మళ్లీ ఆ సంఘానికే అప్పగించారు. కాగితాల లెక్కలో ఇది మామూలు విషయమే. ఒకరు తీసుకున్నారు, తిరిగి ఇచ్చారు. లింకు ఎక్కడా తెగలేదు.

కానీ ఆ రెండు కాగితాల మధ్య ఏం జరిగిందో చూడండి.

1940లో ఆ పిల్లలను అక్కడి నుంచి తరలించి, కోట కింది అంతస్తులో ఒక గది కట్టారు. స్నానాల గదిలాగా కనబడుతుంది, కానీ గొట్టాల్లోంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. పక్కనే శవాలను కాల్చే కొలిమి. ఆ ఏడాది మే నుంచి దేశంలోని నలుమూలల ఆసుపత్రులు, ఆశ్రమాల నుంచి రోగులను, వికలాంగులను బస్సుల్లో తెచ్చి చంపారు. 1941 ఆగస్టులో, జనంలో అలజడి పెరిగాక, పైకి ఈ పథకాన్ని ఆపారు. అప్పటికి ఆ ఒక్క కోటలోనే 18,269 మంది చనిపోయారు. తర్వాత మౌట్‌హౌసెన్, గూసెన్, డాఖౌ నిర్బంధ శిబిరాల నుంచి పనిచేయలేని ఖైదీలను తెచ్చి 1944 చివరి దాకా చంపుతూనే ఉన్నారు. మొత్తం దాదాపు 30,000 మంది. కుటుంబాలకు మాత్రం ఏదో జబ్బుతో పోయారని ఉత్తరం వెళ్లేది. ఆఖరికి మౌట్‌హౌసెన్ ఖైదీల చేతనే ఆ గదిని, కొలిమిని పీకించి, గోడలకు సున్నం కొట్టించారు.

ఈ 30,000 మంది పేర్లు ఏ లింకు డాక్యుమెంటులోనూ రావు. ఎందుకంటే వాళ్లు అక్కడ దేనికీ యజమానులు కారు. మరి కోట చరిత్ర ఎవరిది? కొన్నవాళ్లదా, అక్కడ బతికి చచ్చిపోయినవాళ్లదా?

1945లో అమెరికా సైన్యానికి ఆ కోటలో ఒక లెక్కల పుస్తకం దొరికింది. ఇలాంటి ఆరు కేంద్రాల్లో కలిపి 70,273 మందిని చంపడం వల్ల పదేళ్లలో ఎంత ఖర్చు మిగులుతుందో అందులో వేశారు. బంగాళదుంపలు, రొట్టె, మాంసం, జామ్ దాకా విడివిడిగా లెక్కగట్టారు. మొత్తం 88 కోట్ల మార్కులకు పైనే తేలింది. చంపేశాం అనే మాట అందులో లేదు. "క్రిమిసంహారం" చేశాం అని రాసుకున్నారు.

ఈ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. మనిషిని క్రిమి అనడం, మైల అనడం, అతను లేకపోవడాన్ని శుద్ధి అనడం మనకు కొత్త కాదు. వాళ్లు రక్తం పేరు చెప్పారు, మన దేశంలో పూర్వజన్మ పేరు చెప్పారు. రెండు చోట్లా సూత్రం ఒక్కటే: మనిషి విలువ పుట్టుకలోనే తేలిపోయింది, ఇక అతను ఏం చేసినా మారదు. బుద్ధుడు కాదన్నది సరిగ్గా దీన్నే. మనిషి పుట్టుకతో నీచుడూ కాడు, ఉన్నతుడూ కాడు, నడతే కొలమానం అన్నాడు.

మనలోనే కొందరు ఇప్పటికీ అంగవైకల్యంతో పుట్టిన బిడ్డను చూసి "ఏ జన్మలో చేసుకున్నదో" అంటుంటారు. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా ఈ మాట విన్నాను. బాబాసాహెబ్ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు అంత గట్టిగా తోసిపుచ్చారో ఆ మాట అనేవాళ్లు ఆలోచించాలి. బాధపడేవాడి బాధకు వాడినే కారణం చేస్తే, సమాజానికీ ప్రభుత్వానికీ ఇక బాధ్యత ఉండదు. హార్ట్‌హైమ్‌లో చనిపోయిన బిడ్డది ఏ జన్మ కర్మ? అక్కడ కర్మ చేసినవాళ్లు ఉన్నారు. సంతకం పెట్టిన డాక్టరు, బస్సు నడిపిన డ్రైవరు, ఉత్తరం టైపు చేసిన గుమాస్తా, అదనపు భత్యం, రోజూ సారా తీసుకుని కొలిమి మండించిన కూలీ. కర్మ అంటే చేతన, తెలిసి చేసిన పని. సమ్యక్ ఆజీవం అని బుద్ధుడు ఎందుకు చెప్పాడో ఇక్కడ తెలుస్తుంది. జీతం కోసం చేశానంటే చేసిన పని మాసిపోదు.

ఇంకొక సంగతి. ఆ రాజు చేసిన దానం మంచిదే. నలభై ఏళ్లు వందలమందికి నీడ ఇచ్చింది. కానీ ఆ పిల్లలకు ఆ కోటలో దక్కింది జాలి. హక్కు దక్కలేదు. దాత మారగానే, ప్రభుత్వం మారగానే, నిన్నటిదాకా జాలిపడదగ్గ మనిషి ఇవాళ "ఖర్చు" అయిపోయాడు. దయ పైనుంచి కిందికి వస్తుంది, పైవాడు ఎప్పుడైనా ఆపేయగలడు. అందుకే బాబాసాహెబ్ కరుణతోనే ఆగలేదు, మైత్రి కావాలన్నారు. మైత్రిలో పై కింద లేవు. ఒక మనిషికి ఒకే విలువ అని రాజ్యాంగ సభలో పట్టుబట్టిన మనిషి ఆయన. విలువ అనేది ఒకరు దానం చేసేది కాదని ఆయనకు అనుభవంతో తెలుసు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత జరిగిన ఇంటిని 1948లో తిరిగి తీసుకున్నవాళ్లకు ఏం సంక్రమించింది? పాపమా? ఆ గోడలు శాపం తగిలినవా?

కాదు. గోడకు పాపం అంటదు. వాస్తు దోషం, ప్రేత దోషం లాంటి మాటలకు ధమ్మంలో చోటు లేదు. 1954లో డాన్యూబ్ వరద వచ్చినప్పుడు ఇళ్లు పోయినవాళ్లను ఆ కోటలోనే ఉంచారు. తర్వాత కూడా దశాబ్దాల పాటు కుటుంబాలు అక్కడ కాపురం ఉన్నాయి. గూడు లేనివాడు గూడు వెతుక్కుంటే తప్పు పట్టలేం.

అయితే, పాపం అంటనప్పుడు బాధ్యత కూడా లేనట్టేనా? దీనికి నాగసేనుడు మిళింద రాజుకు చెప్పిన ఉదాహరణ ఒకటుంది. ఒకడు దీపం వెలిగించి అజాగ్రత్తగా వదిలేశాడు. ఆ మంట చూరుకు అంటుకుని ఊరంతా తగలబడింది. వాడు "నేను వెలిగించిన దీపం వేరు, ఊరిని కాల్చిన మంట వేరు" అని వాదిస్తే రాజు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. రెండో మంట మొదటి మంట నుంచే వచ్చింది కనుక. ఒక శరీరం నుంచి ఇంకో శరీరానికి వెళ్లే ఆత్మ ఏదీ లేదు, కానీ పనుల ఫలితాలు సాగుతూ వస్తాయి. ఆ దీపం మనం వెలిగించకపోయినా, దాని మంట మన చేతికొచ్చిన ఇంట్లో ఇంకా రాజుకుంటుంటే, ఆర్పాల్సింది మనమే. వారసత్వంగా వచ్చేది పాపం కాదు, ఆ పని.

ఆస్ట్రియా చాలా ఏళ్లు "మేమూ హిట్లర్ బాధితులమే" అని చెప్పుకుంది. 1991లో ఛాన్సలర్ ఫ్రాంజ్ వ్రానిట్స్‌కీ పార్లమెంటులో నిలబడి తమ ప్రజలకూ ఆ నేరాల్లో బాధ్యత ఉందని ఒప్పుకున్నాడు. హార్ట్‌హైమ్ కూడా అలాగే నెమ్మదిగా నోరు విప్పింది. 1969లో కింది గదులను స్మారకం చేశారు, పైన సంసారాలు సాగుతూనే ఉన్నాయి. 2000 దాటాక తోటలో తవ్వితే ఎముకలు, బూడిద, చనిపోయినవాళ్ల వస్తువులు బయటపడ్డాయి. 2003లో కోట మొత్తాన్ని స్మారక, అధ్యయన కేంద్రంగా తెరిచారు. అక్కడి ప్రదర్శనకు పెట్టిన పేరు "జీవితం విలువ".

అప్పుడు నోరు విప్పినవాళ్లూ ఉన్నారు. ఊరివాళ్లకు పొగ కనబడింది, వాసన వచ్చింది. అధికారులు వాళ్లను పోగేసి, బయట మాట్లాడితే శిబిరానికి పంపుతామని బెదిరించారు. అయినా సాల్జ్‌బర్గ్‌లో సన్యాసినుల పెద్ద అన్నా బెర్తా కోనిగ్‌సెగ్ తన సంస్థలోని రోగులను అప్పగించడానికి సహకరించనని అధికారులకు రాసింది. ఆమెను అరెస్టు చేశారు, రోగులను తీసుకుపోయారు. ఆమె వాళ్లను కాపాడలేకపోయింది. కానీ ఆ పనిలో ఆమె చెయ్యి లేదు. శీలం అంటే కొన్నిసార్లు ఇంతే: చుట్టూ అందరూ సంతకం పెడుతున్నప్పుడు మన సంతకం ఉండకపోవడం.

జేతవనం కథ మీకు తెలుసు. జేత రాజకుమారుడి తోటను అనాథపిండికుడు నేలంతా బంగారు నాణేలు పరిచి కొని, భిక్షు సంఘానికిచ్చాడు. ఆ తోటను ఇవాళ మనం తలుచుకునేది ధర చూసి కాదు. ఏ కులంవాడు వచ్చినా అక్కడ కూర్చుని ధమ్మం వినగలిగాడు కనుక తలుచుకుంటాం. స్థలానికి అసలైన పట్టా అదే.

కాబట్టి బంధువులారా, మీ ఇంటి కాగితాలు సరిచూసుకోండి, అది అవసరమే. దాంతోపాటు ఇంకొకటి కూడా చూసుకోండి. మీ ఇంట్లో, వీధిలో, విహారంలో నడవలేనివాడు, మాట రానివాడు, బుద్ధి మందగించినవాడు ఎక్కడ కూర్చుంటున్నాడు? మూలనా, అందరి నడుమనా? వచ్చే పౌర్ణమికి విహారానికి వచ్చేటప్పుడు ఇంట్లో వదిలేసి వచ్చే ఆ ఒక్కరిని కూడా వెంట తీసుకురండి. వాళ్లకు చోటు చూపించడం దయ కాదు. ఆ చోటు ముందునుంచీ వాళ్లదే.

నమో బుద్ధాయ. జై భీమ్.