గుడ్డలో పరిగె

కిందటి డిసెంబరులో ఓ ఉదయం, హూడి మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఒక అమ్మాయి మెడలో మా అమ్మ చీర కనిపించింది.

చీరంటే పూర్తి చీర కాదు. నాలుగైదు ముక్కలు అతికి, జానెడు వెడల్పున, బారెడు పొడవున కుట్టిన స్కార్ఫు. ఆకుపచ్చ మీద పసుపు గళ్లు. పొరపాటుపడే వీలు లేదు. అమ్మ పోయాక ఆమె నూలు చీరలు మూడింటిని మా ఆవిడ బొంత కుట్టమని ఇచ్చింది. కుట్టినావిడది ముళబాగిలు వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఒకసారి బొంత అంటుంది, ఒకసారి కౌది అంటుంది. ఆ అమ్మాయి ఆవిడ కూతురే.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. "అడిగినంత కూలి ఇచ్చాం. మిగిలిన గుడ్డ తిరిగి ఇవ్వొద్దూ? కనీసం ఓ మాట అడగొద్దూ? అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదా!"

న్యాయమైన మాటే అనిపించింది. నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. ఒకరి సరుకు మరొకరు కూలికి తయారుచేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, మిగిలిన తుక్కు కూడా సరుకు యజమానిదే. అది అమ్మినా సొమ్ము యజమాని ఖాతాకే జమ. లెక్క తేలిపోయిందనుకుని ఆ రాత్రి అదే బొంత కప్పుకుని పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. దీపం వేసి బొంత తిరగేసి చూశాను. చిరుగులు పట్టిన భాగాలన్నీ లోపలి పొరల్లోకి పోయాయి. గట్టిగా ఉన్నవి పైకి వచ్చాయి. ఎక్కడా గుడ్డ దండగ కాలేదు. మిగులు దానంతట అది పుట్టదు. ఆవిడ కత్తెర పొదుపుగా నడిచింది కనుక పుట్టింది. అదే కత్తెర అడ్డదిడ్డంగా నడిచి ఉంటే, ఆ ముక్కలు పేలికలై చెత్తబుట్టలో పడేవి. అప్పుడు మేం లెక్క అడిగేవాళ్లమా? వృథా చేస్తే అడగనివాళ్లం, వృథా చేయనందుకు అడుగుతున్నాం!

మా చిన్నతనంలో కోతలయ్యాక ఆడవాళ్లు మళ్లలో పరిగె ఏరుకునేవారు. ఆ వెన్నులు రైతు పొలంలో పండినవే. కాని పనలు కళ్లానికి చేరాక వాటి జోలికి వెళ్లే రైతును ఊరు పిసినారి అనేది. భారతం అశ్వమేధ పర్వంలో ముంగిస, ధర్మరాజు చేసిన యాగం ఒక ఉంఛవృత్తి బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన పేలపిండికి సాటిరాదంటుంది. రాలిన గింజ ఏరుకుని బతకడాన్ని దొంగతనంగా కాక వ్రతంగా చూసిన సంప్రదాయం మనది.

అందరూ అలా చూడలేదు. పరిగె ఏరుకోవడం పేదల హక్కు కాదని 1788లో ఇంగ్లండు న్యాయస్థానం స్టీల్ - హౌటన్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అక్కడి రాజ నౌకానిర్మాణశాలల్లో వడ్రంగులకు చెక్కముక్కలు ఇంటికి మోసుకుపోయే ఆచారం ఉండేది. ముక్కల కోసం మంచి కలపనే కోసేస్తున్నారని పైవాళ్ల ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. మిగులు మీద హక్కు ఉందంటే మిగిల్చే చెయ్యీ పుడుతుంది. చివరకు 1801లో ఆ ఆచారం ఎత్తేశారు. ఎత్తేసి, బదులుగా డబ్బు ఇచ్చారు. అంటే ఆ ముక్కలు అంతవరకు జీతంలో భాగమేనని ఒప్పుకున్నట్టే గదా?

మరి మేం ఇచ్చిన కూలిలో ముక్కలు కలిసి ఉన్నాయా, లేవా? మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇదంతా వినిపిస్తే మా ఆవిడ, "గుడ్డ గురించి కాదండీ, అది అత్తయ్య చీర" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పరిగె వెన్నులో ఎవరి జ్ఞాపకమూ ఉండదు, చీరలో ఉంటుంది. కాబట్టి ఆవిడ అడిగి ఉండవలసిందే. కాని అడగడానికి నోరు రావాలంటే, కాదన్నా మర్యాద మిగులుతుందన్న ధీమా ఉండాలి. మూడుసార్లు వచ్చిన మనిషిని మేం వరండా దాటి లోపలికి రమ్మనలేదు. ఇద్దరి మధ్య చెప్పవలసిన మాట ఒకటి ఉంటే, ముందు నోరు విప్పవలసింది గుడ్డ ఉన్నవాళ్లే.

"పోనీలే, ఉంచుకో అందామా?" అంది మా ఆవిడ. వద్దన్నాను. క్షమించామంటే ముందు దొంగను చేసినట్టే.

సంక్రాంతి వెళ్లాక అమ్మవి ఇంకో రెండు చీరలు తీసింది. ఈసారి ఆవిడను లోపల కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఇవి మా అత్తగారివి. ముక్కలు మిగిలితే నీవే. అంచు మాత్రం జానెడు నాకు తెచ్చివ్వు" అంది.

ఆవిడ చీర మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకుంది. "పెద్దమ్మ చీరలని తెలిసుంటే పోయినతూరే అడిగుందును గదక్కా" అంది.

నిజమే. కొలత చెప్పాం, కూలి మాట్లాడుకున్నాం. ఆ చీరలు ఎవరివో మాత్రం చెప్పనే లేదు.