12 లక్షల ఫైలు

ఒక పట్టణంలో, రైలుకట్టకు అవతలి పేటలో, మున్సిపాలిటీ డబ్బుతో నడిచే కుట్టు శిక్షణ కేంద్రం ఉండేది. నాలుగో ఏడాదికి 12 లక్షలు మంజూరు చేయాలని దాని నిర్వాహకుడు అర్జీ పెట్టుకున్నాడు. గత ఏడాది 120 మంది చేరారు, 112 మంది సర్టిఫికెట్లు అందుకున్నారు, 84 మందికి బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగాలొచ్చాయి అని మొదటి పేజీలోనే రాసి ఉంది. వెనక ఫొటోలు, హాజరు పట్టీలు.

కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు లేచి, ఇన్ని ఉద్యోగాలు చూపించిన ఫైలుకు చర్చెందుకు, ఆమోదించేద్దాం అన్నాడు. ఇంకొకాయన, ఇవన్నీ దొంగ లెక్కలు, కేంద్రం మూసేసి ఆ డబ్బుతో కాలువ కట్టిద్దాం అన్నాడు. ఆ ఇద్దరిలో ఒక్కరూ రైలుకట్ట దాటి చూసినవారు కారు. కమిషనర్ ఆ ఫైలును మహిళా సమాఖ్య అధ్యక్షురాలికి అప్పగించి, “అమ్మా, పొదుపు సంఘాల లెక్కలు ఇన్నేళ్లు చూసినవారు మీరు. ఒకసారి వెళ్లి చూసి చెప్పండి” అన్నాడు.

ఆమె ఉద్యోగాల జాబితా పట్టుకుని పేటలోకి నడిచింది.

మొదటి ఇంట్లో పాతికేళ్ల అమ్మాయి. “ఫ్యాక్టరీలో చేరావా అమ్మా?” అని అడిగితే, “చేరాను పిన్నీ, తొమ్మిది రోజులు వెళ్లాను. బస్సు తెల్లవారుజామున ఐదున్నరకే వస్తుంది. పాపకి రెండేళ్లు. ఎవరి దగ్గర వదిలి వెళ్లను?” అంది. రెండో ఇంట్లో అమ్మాయి ఎడమచేతి చూపుడువేలు చూపించింది. కేంద్రంలో కాలితో తొక్కే మిషను మీద నేర్చుకుంది. ఫ్యాక్టరీలో ఉన్నవి పవర్ మిషన్లు. పెడల్ మీద కాలు ఆన్చగానే గుడ్డ చేతిలోంచి జారిపోయింది, సూది వేల్లో దిగింది. మర్నాటి నుంచి వెళ్లలేదు. మూడో ఇంటామెకు మాత్రం పదకొండో నెల నడుస్తోంది. జీతం చీటీ తెచ్చి, పీఎఫ్ కోత ఉన్న వరుస మీద వేలు పెట్టి చూపించింది. ఆమె బిడ్డను అత్తగారు చూసుకుంటోంది.

నాలుగో మనిషి పేరు ‘మధ్యలో మానేసినవారు’ అన్న పట్టీలో ఉంది. ఆమె వసారాలో బ్లౌజులు కుడుతోంది, పక్కన పికో వేయాల్సిన చీరల దొంతర. “రెండు నెలలకే కట్టింగు వచ్చేసింది పిన్నీ, గిరాకీ వస్తుంటే ఇంక ఎందుకని మానేశాను” అంది. ఫైలు ఆమెను నష్టం కింద రాసుకుంది. తొమ్మిది రోజుల అమ్మాయిని లాభం కింద రాసుకుంది.

తర్వాత ఆమె కేంద్రానికి వెళ్లింది. మూలన ఒకే ఒక పవర్ మిషను గుడ్డ కప్పుకుని ఉంది. “దాని మీద కూర్చోబెడితే గుడ్డ, దారం ఎక్కువ పాడవుతాయమ్మా. నెలకు మూడు వేల సరుకుతో నేనేం చేయను?” అంది టీచరు. అర్జీలో 5 లక్షలు హాలు పెంచడానికి అడిగారు. పిల్లల్ని చూసుకోవడానికి ఒక్క రూపాయి అడగలేదు. నిర్వాహకుడిని నిలదీస్తే ఆయన దాచలేదు. “మేడమ్, ఎంతమందికి నేర్పితే అంత డబ్బిస్తారు. నేర్చుకున్నాక వాళ్లేమయ్యారని ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు.”

84 మందిలో ఆరు నెలలు నిలిచినవారు 19 మంది. లెక్కలో లేకుండా ఇంటి దగ్గరే కుట్టి సంపాదిస్తున్నవారు 23 మంది. ఆమె ఇలా రాసిచ్చింది: 12 లక్షలూ ఇవ్వండి. హాలు వద్దు. ఆ డబ్బుతో పవర్ మిషన్లు, సరిపడా గుడ్డ, తెల్లవారుజామున ఐదింటికే తలుపు తీసే శిశు సంరక్షణ కేంద్రం పెట్టండి. 60 మందినే చేర్చుకోండి. చివరి పావు భాగం సొమ్ము ఆరు నెలల తర్వాత, ఇళ్లకు వెళ్లి చూశాకే విడుదల చేయండి.

“నేర్చుకునేవాళ్లు సగానికి పడిపోతారు కదమ్మా?” అన్నారు కౌన్సిల్లో.

“తొమ్మిది రోజుల్లో తిరిగొచ్చినవాళ్లకు పెట్టింది కూడా మన డబ్బేనండీ” అందామె.

మరుసటి ఏడాది 60 మందిలో 41 మంది ఆరు నెలలు దాటి పనిలో ఉన్నారు.

నీతి: శిక్షణ ఫలించిందో లేదో నేర్చుకున్నవారి గడపలోనే తెలుస్తుంది. అక్కడికి వెళ్లొచ్చాకే అర్జీని తేల్చాలి.

ఈ ఆలోచన మన ప్రభుత్వాలకు తెలియనిది కాదు. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో, శిక్షణ పొందినవారిలో 70 శాతం మందికి కనీసం 3 నెలల ఉద్యోగం చూపాలన్న నిబంధన పెట్టారు. సొమ్ము కూడా విడతలుగానే ఇస్తారు. మంచి నిబంధనే. కానీ చంటిబిడ్డ తల్లికి మూడు నెలలు చాలా తక్కువ గడువని నా అభిప్రాయం. బిడ్డకు ఒక్క జ్వరం వస్తే ఆ ఉద్యోగం పోతుంది. నిబంధన కాగితం మీద నెగ్గుతుంది, ఆమె మాత్రం ఇంట్లో ఉంటుంది.

గుడ్డిగా ఆమోదించడం, కోపంతో మూసేయడం రెండూ ఆ తల్లికి ఒకటే అన్యాయం చేస్తాయి. మార్చి వచ్చేలోపు మున్సిపల్ బడ్జెట్లు తయారవుతాయి. మీ వార్డులో ఇలాంటి కేంద్రం ఉంటే, నిరుటి జాబితాలోంచి పది పేర్లు తీసుకుని ఇళ్లకు వెళ్లండి. మధ్యలో మానేసినవారి పేర్లు కూడా అందులో ఉండాలి. ఇప్పుడేం చేస్తున్నారు, ఎంత వస్తోంది, ఎందుకు మానేశారు అని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకుని, మీ కౌన్సిలర్ చేత సమావేశంలో చదివించండి.