ఊదాకు అవతలి వెలుగు

ఇంద్రధనుస్సు ఊదా దగ్గర ముగుస్తుందని కన్ను చెబుతుంది. 1801లో జర్మనీలోని యేనాలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ ఆ మాట నమ్మలేదు. పాతికేళ్లయినా నిండని ఆ యువకుడు, పట్టకం విడదీసిన రంగుల పక్కన, ఊదా దాటి ఏ రంగూ పడని చోట సిల్వర్ క్లోరైడ్ పూసిన కాగితం ఉంచాడు. చీకటి అనుకున్న చోటే కాగితం అన్నిటికన్నా త్వరగా నల్లబడింది. ఎంత గొప్ప మొండితనం!

రిట్టర్ పట్టుకున్న ఆ అతినీలలోహిత కాంతిని ఇవాళ ఏడో తరగతి పిల్ల మణికట్టుకు కట్టుకుని తిరుగుతుంది. కాసిని తెల్ల ప్లాస్టిక్ పూసలు, ఒక దారం, అంతే. గదిలో ఉన్నంతసేపూ పాలచుక్కల్లా అమాయకంగా ఉంటాయి. గడప దాటాయో లేదో ఒకటి ఊదా, ఒకటి గులాబీ, ఒకటి పసుపు! ఆ కిరణం తగలగానే పూసలోని రంగు అణువు విచ్చుకుంటుంది, లోపలికి తెస్తే మెల్లగా మళ్లీ ముడుచుకుంటుంది.

ఈ పూసలకు వేడితో పనిలేదు. పొయ్యి పక్కన పెడితే రంగెక్కవు సరికదా, ఎక్కిన రంగు కూడా త్వరగా దిగిపోతుంది. అదే లంబసింగి చలిలో, మంచు విడిన మధ్యాహ్నం, స్వెట్టర్లు తొడుక్కున్న పిల్లల చేతుల మీద నిండుగా పూస్తాయి. చుర్రుమంటేనే ఎండ అనుకునే మన చర్మానికి తెలియనిది పూసకు తెలుసు. మబ్బు పట్టిన రోజునా తెలుసు, చెట్టు నీడలోనూ కొంత తెలుసు. ఆకాశమంతా ఆ కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది మరి.

నాకు మాత్రం నీలి కాగితం మీదే ఎక్కువ మక్కువ. ఎరుపుకు అవతల ఉన్న వేడి కిరణాలను 1800లో విలియం హెర్షెల్ థర్మామీటరుతో పసిగట్టాడు. ఆయన కొడుకు జాన్ 1842లో ఇనుప లవణాలతో సయనోటైపు అనే ఈ నీలి కాగితం చేశాడు. తండ్రి ఒక అంచును కనిపెడితే కొడుకు కాగితం రెండో అంచుకు స్పందించింది! పారదర్శకమైన షీటు మీద సన్‌స్క్రీన్ లోషన్‌తో పిల్ల తన పేరు రాసి, ఆ కాగితంపై పరిచి, ఎండలో పెడుతుంది. తరవాత పంపు కింద కడుగుతుంది. ఎండ తాకినచోట నీలం గట్టిపడుతుంది, లోషన్ అడ్డుకున్నచోట మందు నీళ్లలో కొట్టుకుపోతుంది. ముదురు నీలంలో తెల్లగా పేరు తేలుతుంది. లోషన్ గురించి పది ఉపన్యాసాలు ఎందుకిక?

ఆ కాంతి మీద నాకు కోపం లేదు. చర్మంలో విటమిన్ డి పుట్టించేదీ అదే, చర్మాన్ని కమిలించేదీ అదే. ఏది ఎంత ఆపుతుందో చేత్తో తెలుసుకోవడమే ఇక్కడి ఆనందం. టోపీ, చున్నీ, కిటికీ అద్దం, అన్నిటి కిందకీ పూసలు వెళతాయి. పల్చటి తెల్ల నూలు చొక్కా దగ్గర అసలు సంబరం: పొడిగా ఉన్నప్పటికన్నా తడిశాక దాని కింద పూస ముదురుతుంది. ఆ సంగతి తేలిందంటే చాలు, ఎవడో ఒకడు తాతగారి గొడుగు ఎత్తుకొచ్చి పంపు కింద పెడతాడు.