నొప్పి ఉండదని చెప్పవచ్చునా?



కోసిగిలోనైనా, మరే ఊరిలోనైనా టీకాలు వేసేచోట వినిపించే మాట ఒకటుంది: "సూది వేయరులే నాయనా!"

బిడ్డకు 16 నుండి 24 నెలల మధ్య డి.పి.టి. బూస్టరు, తట్టు-రుబెల్లా రెండవ మోతాదు వేయించాలి. ఆ పసివాడు మన మాట నమ్మి ఒడిలో నిశ్చింతగా కూర్చుంటాడు. సూది దిగగానే నొప్పితోపాటు అమ్మ అబద్ధమాడిందనీ తెలుస్తుంది. నొప్పి తగ్గిపోతుంది, అనుమానం మిగిలిపోతుంది.

గెత్సెమని తోటలో క్రీస్తు ప్రభువు తన వేదనను దాచుకొనలేదు. తనతో మెలకువగా ఉండుమని శిష్యులను కోరారు. భయపడటం పాపం కాదు. భయపడేవారిని ఒంటరిగా విడిచిపెట్టడం తప్పు.

కనుక "కొంచెం నొప్పి పుడుతుంది, నేను పట్టుకొనే ఉంటాను" అని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. నిజం చెప్పి తోడుగా నిలిచే తల్లిదండ్రులను ఎరిగిన బిడ్డకు పరలోక తండ్రిని నమ్మడం సులువవుతుంది.