మార్పుకు సాక్షి కావాలా?

మార్పు తెలియాలంటే మారనిది ఒకటి ఉండి తీరాలన్నది వేదాంత చర్చల్లో తరచూ వినబడే వాదన. బాల్యం పోయింది, యౌవనం పోయింది, అవి పోయాయని ఎరిగినవాడు మాత్రం పోలేదు. కనుక ఆ సాక్షి నిత్యుడు అంటారు. క్షణికవాదులైన బౌద్ధులు దీన్ని ఒప్పుకోరు. ఒకదాన్ని పోలినది మరొకటి వెంటవెంటనే పుడుతుంటే ‘అదే ఇది’ అని పొరబడుతున్నామన్నది వాళ్ల మాట. ఈ తగువును ఊహల్లో కాక కొండల మీదే తేల్చుకునే వీలు కెనడాలోని రాకీ పర్వతాల్లో ఉంది.

1915లో ఎం.పి. బ్రిడ్జ్‌లాండ్ అనే సర్వేయరు అక్కడి జాస్పర్ పార్కు పటం గీయడానికి కొండలెక్కి, 92 చోట్ల నుంచి 735 ఫొటోలు తీశాడు. 1990లలో పరిశోధకులు ఆ చోట్లకే వెళ్లి అవే దృశ్యాలను మళ్లీ తీశారు. నాటి పచ్చిక బయళ్లు, పలచటి తోపులు చాలాచోట్ల దట్టమైన అడవి అయిపోయాయి. ఇలాంటి పనిలో పాత ఫొటో చేతపట్టుకుని, దగ్గరి బండ అంచు దూరపు శిఖరానికి ఏ పక్కన పడుతోందో చూస్తారు. కెమెరా ఒక్క అడుగు జరిగినా బండ పక్కకు తప్పుకుంటుంది, శిఖరం మాత్రం దాదాపు ఉన్నచోటే కనిపిస్తుంది. అలాంటి పొంతనలు కొన్ని కుదిరాకే పాత చోటు దొరికినట్టు లెక్క. రాయి నిలిచింది కాబట్టే అడవి మారిందని తెలిసింది.

ఆ రాయి కూడా అరుగుతోంది కదా అని బౌద్ధుడు అడగవచ్చు. నిజమే. కానీ పొలం గట్టు రాయి శాశ్వతంగా ఉండనక్కర్లేదు, తగువు తీరేదాకా కదలకుంటే చాలు. అలాగైతే ఆ నిలకడ మన కల్పనే కదా అంటే, కాదు. కల్పనే అయితే ఏ బండను నమ్ముకున్నా సరిపోవాలి. ఈలోగా దొర్లిపోయిన బండను ఆధారం చేసుకుంటే తక్కిన పొంతనలన్నీ చెదురుతాయి, పొరపాటు ఫొటోలోనే బయటపడుతుంది. కాబట్టి నిలకడ నిజం, దానికి హద్దు ఉండటమూ నిజమే. ‘నేనన్నది రాయి గురించి కాదు, చైతన్యం గురించి’ అని వేదాంతి అనవచ్చు. అయితే నాటి లోయలను కళ్లారా చూసి ఫొటో తీసిన బ్రిడ్జ్‌లాండ్ 1948లోనే చనిపోయాడు. మార్పును కనిపెట్టినవాళ్లు ఆ రోజు అక్కడ లేరు. రెండు కాలాలనూ చూసిన ఒకే మనిషి లేకపోయినా మార్పు తెలిసింది. పాతదాని ముద్ర మిగలడం, రెండు ఫొటోలనూ పోల్చినంతసేపు పోల్చేవాడు ఉండటం, ఈ రెండే సరిపోయాయి. నిత్యసాక్షి లేడని దీనివల్ల రుజువు కాదు. ఉన్నాడనడానికి మార్పు ఎరుక ఒక్కటే ప్రమాణంగా చాలదని మాత్రం తేలుతుంది.

హద్దున్న నిలకడకూ నిత్యమైనదానికీ ఉన్న ఈ తేడాను మరిస్తే వచ్చే చిక్కు తత్త్వచర్చతో ఆగదు. కొలతకు ఆధారమైన పాత ఫొటోనే కొండ అసలు రూపమనుకుని, సంరక్షణ అంటే అక్కడికి తిరిగి వెళ్లడమేనని భావించే ప్రమాదం ఉంది. నాటి పచ్చిక వెనక కార్చిచ్చులున్నాయి, ఆదివాసులు కావాలని పెట్టిన నిప్పూ ఉంది. 1907లో పార్కు ఏర్పాటైంది, తర్వాత అక్కడి మేటీ (ఆదివాసి, ఐరోపా మిశ్రమ సంతతి) కుటుంబాలను ఖాళీ చేయించారు, మంటలను ఆర్పడం విధానమైంది, అడవి కమ్ముకుంది. అంటే 1915 ఫొటో కూడా నడుస్తున్న కథ మధ్యలో తీసిందే. ఎంత మారిందో చెప్పే హక్కు దానికుంది, ఎలా ఉండాలో చెప్పే హక్కు లేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు కొండతో బతికినవాళ్ల మాట విని, ధర్మాధర్మాలు ఎంచి మనమే తేల్చుకోవాలి.